మంచె మీద నిద్రపోయింది నేను కాదు

పొద్దున్నే పక్కచేలో మిరపకి మందు కొడుతున్నారు. గాలి ఇటు తిరిగి ఆ వాసన మా వసారాలోకి దూరేసరికి చేతిలో కాఫీ తాగబుద్ధి కాదు. కుళ్ళిన వెల్లుల్లి మీద కిరసనాయిలు ఒలకబోసినట్టుంటుంది ఆ కంపు. నా పక్క కుర్చీలో మా అన్న శేషగిరిరావు, మెడలో బైనాక్యులర్స్ వేలాడేసుకుని, ముక్కు కాస్త పైకెత్తి ఒక్కసారి పీల్చి, ఆ మందు పేరేమిటో చెప్పేస్తాడు. అందులో ఏమేం కలుస్తాయో, ఏది ముందు కలపాలో ఏది తర్వాత కలపాలో కూడా చెబుతాడు. చెప్పక ఏం చేస్తాడు, కెమికల్ ఇంజనీరు కదా. పదకొండేళ్ళు నేవీలో ఓడల ఇంజన్లు చూసి, బయటికొచ్చాక రిటైరయ్యేదాకా పురుగుమందుల ఫ్యాక్టరీలో ఆ మందులే తయారుచేసినవాడు. ఇప్పుడు ఎనభై దగ్గరపడింది. ఏటా మంచు మొదలవగానే విశాఖపట్నం నుంచి మా ఊరొచ్చి, నెలరోజులు నా ఇంట్లో ఉండి, మా పొలాల్లో పిట్టల్ని లెక్కపెట్టుకుని పోతాడు. మందు తయారుచేసినవాడే వచ్చి పిట్టలెన్ని మిగిలాయో లెక్కపెట్టడమేమిటని మొహమ్మీదే అడిగాను ఒకసారి. "అందుకేరా లెక్కపెట్టేది" అన్నాడు. ఆ మాటకి నాకు ఇంకా ఒళ్ళు మండింది.

ఇప్పుడు కాయితం ముందేసుకుని కూర్చుంది ఆ మంట గురించి కాదు. ఇంకోటుంది, అది నన్ను మూడు వారాలుగా కుర్చీలో కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

గుంటూరులో పిట్టల్ని ప్రేమించేవాళ్ళ సంఘం ఒకటి అన్నకి సన్మానం చేసింది. నన్నూ తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టారు. శాలువా కప్పించుకున్నాక అన్న మైకు పట్టుకుని, తన పిట్టల చదువు మా జొన్నచేలో మొదలైందని చెప్పాడు. పదకొండేళ్ళ వయసులో ఒకనాడు పొద్దు పొడిచేవేళ మూడు బట్టమేకపిట్టల్ని చూశానని, మనిషి నడుమెత్తు ఉండే ఆ పిట్టలు మంచులో అడుగులో అడుగేస్తుంటే ఊపిరి బిగబట్టి పొట్ట మీద పాకుతూ వెంట వెళ్ళానని, ఆ తర్వాత ఓడ మీద ఎన్ని సముద్రాలు తిరిగినా అలాంటి ఉదయం మళ్ళీ చూడలేదని చెబుతుంటే జనం చెవులప్పగించారు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "అడుగో మా తమ్ముడు, ఆ పొద్దున వాడు మంచె మీద గుర్రుపెట్టి నిద్రపోయాడు, గోరింకలొచ్చి చేనంతా ఊడ్చేశాయి!" అని నావైపు చెయ్యి చూపించాడు. హాలంతా గొల్లుమంది. మర్నాడు పేపర్లో కూడా పడింది. టీ కొట్టు దగ్గర మా వరసకి కొడుకయ్యేవాడొకడు "ఏం బాబాయ్, రాత్రి నిద్ర చాల్లేదా, మంచె వేయించమంటావా?" అన్నాడు. నా మనవరాలు "తాతా, నిజంగా గుర్రుపెట్టావా?" అంది.

నేను నిద్రపోలేదు. డెబ్భై ఏడేళ్ళొచ్చాక ఈ సంగతి కాయితం మీద పెట్టాల్సి వస్తుందని అనుకోలేదు, పెడుతున్నాను.

మా ఊరు ప్రత్తిపాడుకి నాలుగు మైళ్ళు అవతల. ఇప్పుడొచ్చి చూసేవాళ్ళకి మిరప, పత్తి, మళ్ళీ మిరప తప్ప ఏమీ కనిపించదు గానీ, నా చిన్నప్పుడు ఆ నల్లరేగడిలో సగం జొన్నే. మనుషులకి జొన్నన్నం, పశువులకి చొప్ప. వానలు వెనకబట్టాక విత్తేవాళ్ళు, నాగులచవితికి పుట్టలో పాలు పోసి చిమ్మిలి ఉండలు తింటూ తిరిగి వచ్చేటప్పటికి మోకాలెత్తు వచ్చేది, మంచు ముదిరేసరికి చేలో దిగిన మనిషి కనపడేవాడు కాదు. కంకి పాలు పోసుకున్నప్పుడు కోసి పిడకల నిప్పుల్లో కాల్చి, వేడివేడిగా గోనెపట్టా మీద నలిపి, ఊక ఊదేస్తే వచ్చే ఊచబియ్యం ఉందే, బెల్లంముక్క నంజుకుని తింటే నాలుక మీద తియ్యగా చిట్లేది. తిన్నాక రెండు చేతులూ మసి, మూతి చుట్టూ మసి. ఆ మసి మొహాలతోనే బడికి పోతే మాస్టారు తిట్టకుండా "నాకేవిరా?" అని చెయ్యి చాపేవాడు. ఇంకోపక్క కళ్ళాల్లో ఎర్రగా మిరపకాయలు ఎండుతుండేవి, గాలి లేచిందంటే ఊరంతా ఒకేసారి తుమ్మేది. పత్తి తీసే ఆడవాళ్ళు ఒడి నింపుకుని నడిచొస్తుంటే అందరూ నిండు చూలాళ్ళలా కనపడేవాళ్ళు, మేం పిల్లకాయలం నవ్వితే పత్తికాయలు పెట్టి కొట్టేవాళ్ళు.

జొన్న గింజ కట్టాక చేను మధ్య మంచె లేచేది. నాలుగు తుమ్మ గుంజలు, పైన కర్రలు పరిచి, వాటి మీద చొప్ప, తలమీద మరికాస్త చొప్ప. అదీ మా పిల్లల రాజ్యం. తెల్లారేముందు గొంగళి కప్పుకుని ఎక్కాలి. చేతిలో ఒడిసెల, పక్కన ఎండబెట్టిన మట్టి ఉండల గంప, కొట్టడానికి ఒక నూనెడబ్బా. పిట్టలు వాలే చోటు చూసి ఒడిసెల తిప్పి వదిలితే ఉండ గాల్లో ఈలవేస్తూ పోయేది. పిచ్చుకలు, చిలకలు పరవాలేదు, అదిలిస్తే పోతాయి. భయమంతా జొన్నగోరింకలతోనే. నల్లటి తల, గులాబీరంగు ఒళ్ళు, ఎక్కడో చలిదేశం నుంచి వేలకివేలు దిగేవి. అవి వెలుగురేఖ పడగానే వస్తాయి. వచ్చి వాలిన మొదటి గంటలో తిన్నంత తినేస్తాయి. వెనకున్నవి ముందున్నవాటి మీదుగా ఎగిరి వాలుతూ, చేను మీద చాప చుట్టుకుంటూ పోతున్నట్టు సాగిపోతాయి. వాలకముందే అదిలించాలి. ఒకసారి వాలాయా, మనిషి మాట లెక్కచెయ్యవు. అందుకే తెల్లవారుజాము కాపలా అంటే ఆ ఏడాది తిండికి కాపలా.

ఆ ఏడు ఆ కాపలా మా అన్నది. నాకు తొమ్మిదేళ్ళు, పొద్దెక్కాక అన్నకి చద్దన్నం పట్టుకెళ్ళడం నా పని. అన్నకి పిట్టల్ని తోలడం కంటే చూడడం ఇష్టం. ఒడిసెల ఒళ్ళో పెట్టుకుని, ఏ పిట్ట ఏ కంకి మీద వాలిందో, తోక ఎట్లా ఆడించిందో నాకు చెబుతుండేవాడు. ఒకసారి పూరేడు పిట్ట వెనక పడి మంచె దిగి పోయాడని నాన్న చెర్నాకోలతో వాయించాడు. "ఇంకోసారి మంచె దిగావా, కాళ్ళు విరగ్గొట్టి మంచెకే కట్టేస్తా" అన్నాడు. మా నాన్న అన్నమాట చేసేరకం. చుట్ట ఒక మూల నుంచి ఇంకో మూలకి జరిపాడంటే ఇంట్లో అందరం గోడలకి అతుక్కునేవాళ్ళం.

అప్పుడే ఇంకో సంగతి నడుస్తోంది. మా ఊరి బడి ఐదో తరగతితో సరి. పైన చదవాలంటే గుంటూరు పోయి హాస్టల్లో ఉండాలి. మాస్టారు ఇంటికొచ్చి, ఇద్దరు పిల్లలూ చురుకైనవాళ్ళు, ఒకడి తర్వాత ఒకణ్ణి ఇద్దర్నీ పంపమన్నాడు. ఎక్కాలు నాకే బాగా వచ్చని కూడా చెప్పాడు, అది నేను చెవులారా విన్నాను. నాన్న చాలాసేపు చుట్ట నమిలి, ఒకడు చదువుకి, ఒకడు సేద్యానికి అన్నాడు. ఎవడు ఎటు అన్నది తేల్చలేదు. ఆ మాట మా ఇద్దరి నెత్తిన ఆ చలికాలమంతా వేలాడింది. అన్నం తింటూ నాన్న ఎవడివైపు ఎక్కువసేపు చూశాడో నేనూ అన్నా రాత్రి పక్కల్లో పడుకుని లెక్కలు వేసుకునేవాళ్ళం.

ఆ రోజు నాన్న ఊళ్ళో లేడు. ముందురోజు మిరప బస్తాలేసుకుని బండి గుంటూరు తోలుకెళ్ళాడు. చీకటుండగానే అన్న గొంగళి కప్పుకుని చేలోకి పోయాడు. నేను నిద్రలేచి, అమ్మ గేదె పాలు పితికి, మజ్జిగ చిలికి, చద్దన్నంలో గోంగూర పచ్చడి పెట్టి ఉల్లిపాయ పగలగొట్టి మూట కట్టేదాకా పొయ్యి దగ్గర కూర్చున్నాను. మూట నెత్తినెట్టుకుని బయల్దేరేసరికి పొద్దు తాడిచెట్టంత ఎక్కింది. గట్టెక్కి చూద్దును కదా, చేను కదులుతోంది. గాలి లేదు. చేనంతా నలుపూ గులాబీ రంగూ కలిసి కదులుతోంది, కిచకిచలతో చెవులు పగులుతున్నాయి. మంచె మీద ఎవరూ లేరు. గొంగళి మాత్రం ఉంది.

అన్నా అన్నా అని అరుస్తూ మంచెక్కాను. ఒడిసెల తిప్పితే ఉండ నా వెనకే పడింది. డబ్బా కొట్టాను, గొంతు పోయేదాకా హోయ్ హోయ్ అన్నాను. ఒకపక్క లేచి ఇంకోపక్క వాలాయి. అట్లా ఎంతసేపు కొట్టానో, చేతుల్లో డబ్బా సొట్టలుపడిపోయింది. అప్పుడొచ్చాడు నాన్న. గుంటూరు నుంచి రాత్రంతా బండి తోలుకుంటూ తిన్నగా చేలోకే వచ్చాడు. బండి దిగలేదు, ముందు అట్లాగే కూర్చుని చేను చూశాడు. నిలబడి ఉన్నవి కంకులు కావు, ఒట్టి ఈనెలు. తర్వాత చెర్నాకోల చేతిలోకి తీసుకుని దిగాడు.

"ఎవడ్రా మంచె మీదుంది?"

కాళ్ళు విరగ్గొడతానన్న మాట నా చెవుల్లో ఉంది. అన్న కాళ్ళు సన్నగా ఉండేవి.

"నేనే నానా. అన్న పొద్దున్నే నన్నెక్కించి చెంబట్టుకెళ్ళాడు. నిద్రపట్టేసింది" అన్నాను.

నా లెక్క ప్రకారం దానికి నాలుగు దెబ్బలు. చిన్నవాణ్ణి గనక మూడే పడొచ్చు. మూడే పడ్డాయి. మూడోది పడేటప్పటికి అన్న తూర్పు గట్టు మీంచి వచ్చి నిలబడ్డాడు. చొక్కా ముందంతా నల్లమట్టి, కళ్ళు మెరుస్తున్నాయి. అన్న నోరు తెరవడం చూశాను. తర్వాత మూయడం చూశాను. నాన్న చెర్నాకోల బండిలో పడేసి, చుట్ట ముట్టించి, కోపం లేని గొంతుతో అన్నాడు: "మంచె మీద కళ్ళు తెరుచుకుని కూర్చోలేనివాడు బడిలో ఏం కూర్చుంటాడు. ఒరేయ్ పెద్దోడా, గుంటూరు నువ్వు పో."

నేను చేసిన తప్పు అదీ. దెబ్బల లెక్క వేశాను గానీ ఈ లెక్క వెయ్యలేదు. ఎక్కాలు బాగా వచ్చినవాణ్ణి.

బండి వెనకాల ఇంటికి నడుస్తుంటే అన్న నా చెవి దగ్గరికొచ్చి గుసగుసగా "బట్టమేకపిట్టల్రా చిన్నోడా, మూడు! తూర్పు శనగచేలో. పొద్దు పొడిచేప్పుడు" అన్నాడు. నేను నిద్రపోలేదని అమ్మకి మాత్రం తెలుసు. నన్ను పంపింది ఎప్పుడో అమ్మకి కాక ఎవరికి తెలుస్తుంది? ఆ మధ్యాహ్నం వీపుకి ఆముదం రాస్తూ "ఎందుకన్నావురా ఆ మాట" అంది. చెప్పెయ్యమంటావా అన్నాను. అమ్మ చెయ్యి ఆగింది. ఇంకాస్త ఆముదం చేతిలో వంచుకుని "చెబితే వాడు ఆగిపోతాడు గదా నాయనా" అంది. చెప్పినా చెప్పకపోయినా ఒక కొడుకు ఆగిపోతాడు. అమ్మ ఆ లెక్క వేసుకుని నోరు మూసుకుంది, చనిపోయేదాకా మళ్ళీ తెరవలేదు.

ఆ వేసవిలో అన్న ట్రంకుపెట్టె బండెక్కింది. నేను కాడి పట్టాను. చదువు మానలేదు గానీ, అది ఎవరూ నాకు పెట్టింది కాదు. దుకాణంలో బెల్లం కట్టిచ్చిన కాయితాలు చదివాను, పక్కూరి లైబ్రరీ పుస్తకాలన్నీ బీరువా వరసన చదివాను, సెలవుల్లో అన్న వదిలేసిపోయిన లెక్కల పుస్తకాలు గేదెల్ని మేపుతూ చేశాను, ఇంగ్లీషు అక్షరాలు మందు డబ్బాల మీద కూడబలుక్కున్నాను. అన్న ఓడ మీంచి రాసే ఉత్తరాలు ఊళ్ళో అందరికీ చదివి వినిపించేది నేనే. నడిసముద్రంలో అలిసిపోయిన పిట్టొకటి ఓడ మీద వాలితే నీళ్ళు పెట్టానని రాశాడొకసారి. చదువుతూ అక్కడ ఆగి కాయితం మడిచేశాను, వినేవాళ్ళు పిట్ట మీద జాలి అనుకున్నారు.

ఇన్నేళ్ళలో అన్నని నేనేమీ అడగలేదు. అన్నకి గుర్తుంది, సిగ్గుపడి ఆ మాట ఎత్తడం లేదు అనుకుంటూ బతికాను. ఆ నమ్మకంతో కోపం కూడా తియ్యగానే ఉండేది. గుంటూరు సభలో ఆ చెయ్యి చూపించడంతో తెలిసింది, అన్నకి సిగ్గేమీ లేదు. నేను నాన్నకి చెప్పిన అబద్ధాన్నే అన్న నిజమని నమ్ముతున్నాడు.

పేపరొచ్చిన నాలుగోరోజు ఉండబట్టలేక, గట్టు మీద పిట్టల్ని చూస్తున్నవాణ్ణి అక్కడే పట్టుకున్నాను.

"నేనెప్పుడు నిద్రపోయాను?"

"ఏందిరా, ఇంకా అదే పట్టుకుని వేలాడుతున్నావా! నవ్వడానికన్నాను. నిన్ను మంచెక్కించే గదా నేను దిగింది."

"ఎప్పుడెక్కించావు?"

"నువ్వు చద్ది తెచ్చాక."

"నేను చద్ది ఎప్పుడు తెచ్చేవాణ్ణి?"

"పొద్దెక్కాక."

"బట్టమేకపిట్టల్ని ఎప్పుడు చూశావు?"

"పొద్దు పొ..." అని ఆగాడు.

"జొన్నగోరింకలు చేలో ఎప్పుడు పడతాయి? నువ్వే చెప్పు, శాలువాలు కప్పించుకున్నోడివి."

అన్న బైనాక్యులర్స్ కళ్ళ మీంచి దించాడు. ఫ్యాక్టరీలో ఏ గొట్టంలోంచి ఏ గొట్టంలోకి ఏది పోతుందో లెక్కకట్టిన బుర్ర అది, ఇది ఎంతసేపు. పెదవులు కదుపుతూ ఆ పొద్దుని ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి తిప్పుకోవడం నాకు కనపడుతూనే ఉంది. తర్వాత గట్టు మీద అట్లాగే కూలబడ్డాడు. "మరి నాన్నకి నువ్వెందుకు చెప్పావురా అట్లా" అన్నాడు. నీ కాళ్ళు విరగ్గొడతాడని అన్నాను. తన కాళ్ళవైపు చూసుకున్నాడు. మేమిద్దరం ముసలివాళ్ళం, గట్టు మీంచి లేవడానికి ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకోవాల్సి వచ్చింది. లేచాక "ఒంగోల్లో కాలేజీ పిల్లలు పిలిచారు, అక్కడ అందరి ముందూ చెబుతాను" అన్నాడు. పోన్లే అన్నా వద్దులే అని నేననలేదు. అనేంత మంచివాణ్ణి కాను. "చెప్పు. మైకులోనే చెప్పు" అన్నాను.

పోయిన వారమే ఒంగోలు వెళ్ళాం. ఇస్త్రీ పంచె కట్టుకుని మళ్ళీ ముందు వరసలోనే కూర్చున్నాను. అన్న ఓడల గురించి చెప్పాడు, సముద్రపు పిట్టల గురించి చెప్పాడు, పురుగుమందు పిట్ట గుడ్డు పెంకుని ఎట్లా పలచన చేస్తుందో, తను చేసిన పనేమిటో దాచకుండా చెప్పాడు. మా చేను మాట రాలేదు. చివర్న ఒక అమ్మాయి లేచి, "సార్, మీరు జీవితంలో మర్చిపోలేని పిట్ట ఏదండీ?" అంది. నేను కుర్చీ అంచుకి జరిగాను. అన్న నావైపు చూశాడు. మైకు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారింది.

"పిచ్చుక" అన్నాడు.

పిల్లలు చప్పట్లు కొట్టారు.

కార్లో తిరిగి వస్తున్నాం. అద్దంలోంచి రెండు పక్కలా మిరపచేలు, పత్తిచేలు, వాటి మధ్య మందు కొట్టే డ్రోను ఒకటి. ఆ దారిలో ఒక్క జొన్నకంకి లేదు, ఒక్క మంచె లేదు, ఒడిసెల అంటే డ్రైవరు కుర్రాడికి తెలియదు. మా ఊరి మలుపు దగ్గరపడ్డాక అడిగాను, చెబుతానన్నావు గదా అని. "నోరు రాలేదురా చిన్నోడా. ఆ పాత అబద్ధం చెప్పడానికీ నోరు రాలేదు" అన్నాడు. మరి బట్టమేకపిట్టల సంగతన్నా చెప్పకపోయావా అంటే, "అది చెబితే మంచె దిగానని చెప్పాలి గదా" అని అటు తిరిగి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఆ రోజు నుంచీ నాకు ఇంకో రకం అశాంతి పట్టుకుంది. నా పేరు మీద పడ్డ మరక పోవాలనుకున్నాను గానీ, అన్న జీవితంలో అన్నిటికంటే మంచి ఉదయం పోవాలనుకోలేదు. మా చేలల్లోంచి ఆ పిట్టలు ఎప్పుడో పోయాయి, ఇప్పుడు బతికున్నవాళ్ళలో వాటిని ఇక్కడ చూసిన మనిషి అన్న ఒక్కడే, ఆ మనిషీ ఇక వాటి మాట ఎత్తడు. నేను ఎత్తకపోతే అవి ఈ నేల మీద తిరిగినట్టు కూడా ఎవరికీ గుర్తుండదు. అందుకని ఉన్నదున్నట్టు రాసి పెడుతున్నాను. ఆ పొద్దున, సూర్యుడు పొడిచేవేళ, మా జొన్నచేనికి తూర్పున శనగచేలో మూడు బట్టమేకపిట్టలు మంచులో నడిచాయి. నేను చూడలేదు. మా అన్న చూశాడు. అప్పుడు మంచె మీద ఎవరూ లేరు.